గోవా హోటల్ కాసినోలో యంత్రం ‘వేడెక్కడం’ అనేది నిజమేనా?

గంటస్తంభం_రావు
విజయనగరం నుంచి మా బావమరిది, అతని స్నేహితులు ఏడుగురు వచ్చే నెలలో మళ్లీ గోవా బయలుదేరుతున్నారు. సముద్రం కోసమైతే చింతపల్లి తీరం మనకు చాలు కనుక వారు వెళ్లేది అందుకు కాదని వేరే చెప్పనక్కరలేదు. కాసినో ఉన్న ఒక పెద్ద హోటల్లోనే బస, అందులోనే ఆట. కిందటిసారి మూడు రాత్రుల్లో మావాడు స్లాట్ మెషీన్ల ముందు కూర్చుని 62,000 రూపాయలు పోగొట్టుకుని వచ్చాడు. వచ్చినవాడు ఊరుకోక, వంద పేజీల రూళ్ల నోటు పుస్తకంలో ఏ వరుసలో ఏ యంత్రం ఎంతసేపు ఏమీ ఇవ్వకుండా ఉన్నదో గంటలతో సహా రాసుకుని వచ్చాడు. చాలాసేపు ఇవ్వని యంత్రం ‘వేడెక్కుతుంది’ అనీ, అప్పుడు కూర్చున్నవాడికి తప్పక రాలుస్తుందనీ అతని సిద్ధాంతం. పైగా ఆ హోటల్ వారు ఈసారి రెండు రాత్రులు గది ఉచితమని సందేశం పంపారు. మా అత్తగారు ‘మీరైనా చెప్పండి బాబూ’ అని నన్ను పట్టుకున్నారు. మా ఆవిడ మాత్రం తమ్ముడి సరదాను ఎందుకు కాదనాలంటుంది. ఈ సిద్ధాంతంలో ఏమైనా పస ఉన్నదా? పోగొట్టుకున్నవాడికి గది ఉచితంగా ఎందుకు ఇస్తారు? తెలిసినవారు చెప్పగలరు.

తోటపల్లి_గాలి
నోటు పుస్తకం రాసేంత శ్రద్ధ ఉన్న మనిషిని గ్రూప్స్ పరీక్షలకు కూర్చోబెట్టండి. అక్కడ ప్రవేశ రుసుము తక్కువ.

నాగావళి_మాష్టారు
శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాడిని కనుక మొదటి ప్రశ్నకు నేను జవాబు చెబుతాను. మీ బావమరిదికి పేకాట అలవాటు ఉండి ఉంటుందని నా అనుమానం. రమ్మీలో పడిపోయిన ముక్కను గుర్తు పెట్టుకోవడం తెలివైన పనే. ఇస్పేటు రాజు కింద పడిందంటే పేకలో ఇక ఎన్ని రాజులు మిగిలాయో లెక్క కట్టవచ్చు, ఎందుకంటే పేక తరుగుతూ ఉంటుంది. స్లాట్ మెషీన్‌లో తరిగే పేక లేదు. మీరు మీట నొక్కిన ప్రతిసారీ మొత్తం పేకను మళ్లీ కలిపి కొత్తగా పంచినట్టే లెక్క. లోపలి చిప్ ఎవరూ ఆడకపోయినా క్షణానికి వేల అంకెలను పుట్టిస్తూనే ఉంటుంది. మీరు నొక్కిన క్షణానికి ఏ అంకె ఉంటే అదే ఫలితం. తెరమీద బొమ్మలు తిరగడం ఆ ఫలితాన్ని ఆలస్యంగా చూపించే తతంగం మాత్రమే. అందువల్ల ఆరు గంటలు ఏమీ ఇవ్వని యంత్రమూ, ఇప్పుడే లక్ష ఇచ్చిన యంత్రమూ తరువాతి నొక్కుకు సరిగ్గా సమానమే. జాతరలో గుండాట దగ్గర కూడా ‘ఈ గడి చాలాసేపటి నుంచి పడలేదు’ అని దానిమీదే డబ్బు పెట్టేవారిని చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. డబ్బాలోని పాచికలకు జ్ఞాపకం ఉండదు.

సిరిమాను_90
మాష్టారు, మీ లెక్క కాదనను కానీ మనుషులు గెలవడం లేదా? నేను రెండుసార్లు గోవా వెళ్లాను. రెండోసారి 3,000తో కూర్చుని 18,500తో లేచాను. భోజనం, పాట, చల్లని గది, సరదా అన్నీ ఉన్నాయి. సినిమాకు కుటుంబంతో వెళ్లినా రెండు వేలు అవుతుంది, అక్కడ తిరిగి వచ్చే అవకాశమైనా ఉండదు. అందరినీ వ్యసనపరులుగా చూడడం న్యాయం కాదు.

పలాస_పిక్కలు
సిరిమాను గారు మొదటిసారి వెళ్లినప్పుడు ఎంతతో కూర్చుని ఎంతతో లేచారో రాయడం మరచిపోయినట్టున్నారు.

సిరిమాను_90
11,000 పోయాయి. దాచవలసిన అవసరం నాకు లేదు. అయినా రెండూ కలిపితే లాభమే.

రాత్రి_షిఫ్టు
నాది ఇచ్ఛాపురం. గోవాలో ఒక హోటల్ కాసినోలో మూడేళ్లు స్లాట్ విభాగంలో రాత్రి షిఫ్టు చేశాను. హోటల్ పేరు అడగవద్దు. రావుగారి రెండో ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది.

లోపలికి వచ్చిన ప్రతివారినీ ఒక సభ్యత్వ కార్డు తీసుకోమంటారు. దానిని యంత్రంలో పెట్టి ఆడితే పాయింట్లు వస్తాయని చెబుతారు, అది నిజమే. అయితే ఆ కార్డు లెక్క పెట్టేది మీరు పోగొట్టుకున్న డబ్బును మాత్రమే కాదు. మీరు ఒక్కో నొక్కుకు ఎంత పెడుతున్నారు, గంటకు ఎన్నిసార్లు నొక్కుతున్నారు, ఎన్ని గంటలు కూర్చున్నారు అనేవాటిని గుణించి, దానిమీద యంత్రం మిగుల్చుకునే శాతాన్ని వేసి, ఈ మనిషి నుంచి సగటున ఇంత వస్తుందని ఒక అంకె కడతారు. ఆ అంకెలో కొంత భాగాన్ని గది రూపంలో, భోజనం రూపంలో తిరిగి ఇస్తారు. అందువల్ల మీ బావమరిదికి వచ్చిన ఉచిత గది బహుమతి కాదు, అతని పద్దులో నుంచి తీసి అతనికే పెట్టిన ఖర్చు. అదృష్టం కొద్దీ ఒక రాత్రి గెలిచి వెళ్లినవాడికి కూడా, ఎక్కువసేపు ఆడేవాడైతే, ఉచిత గది పంపడం చూశాను. అతను తిరిగి రావాలి కదా.

వేడెక్కే యంత్రం గురించి ఎంత చెప్పినా తక్కువే. రాత్రంతా ఒకే యంత్రం ముందు కూర్చునేవారు మూత్రశాలకు వెళ్లవలసి వస్తే కుర్చీ మీద చేతిరుమాలు పరిచి, ఇంకెవరినీ కూర్చోనివ్వవద్దని నన్ను బతిమాలేవారు. ఒక పెద్దమనిషి బొట్టనవేలితో తెరమీది చెర్రీ బొమ్మను మూడుసార్లు తాకి కళ్లకు అద్దుకునేవారు. తెల్లవారుజామున నాలుగు గంటలకు తడిబట్టతో మీటలు తుడవడం నా పని. అన్ని మీటల మీదా అచ్చు స్పష్టంగా ఉండేది, ఎక్కువ పందెం పెట్టే మీట మీద మాత్రం అక్షరాలు అరిగి తెల్లబడి ఉండేవి. రాత్రికి రాత్రి పక్కకు వెళ్లి శాతం తగ్గించే స్విచ్ ఏదో మా దగ్గర ఉందని కూడా జనం అనుకునేవారు. మాకు అలాంటి స్విచ్ అవసరమే రాలేదు.

నాగావళి_మాష్టారు
రాత్రి షిఫ్టు గారు చెప్పిన గుణకారాన్ని నేను కాగితం మీద వేసి చూశాను. యంత్రం నూటికి 8 రూపాయలు మిగుల్చుకుంటుందని అనుకుందాం, ఇది లెక్క కోసం నేను తీసుకున్న అంకె. నిమిషానికి పదిసార్లు నొక్కడం పెద్ద వేగమేమీ కాదు, అంటే గంటకు 600 నొక్కులు. నొక్కుకు 50 రూపాయలైతే గంటకు 30,000 రూపాయల పందెం యంత్రం గుండా వెళుతుంది. దానిలో 8 శాతం 2,400. ఎనిమిది గంటలు కూర్చుంటే 19,200. జేబులో ఇరవై వేలు పెట్టుకుని వెళ్లినవాడికి ఒక రాత్రి సగటున ఇంచుమించు దానికి సరిపోతుంది. నూటికి 92 తిరిగి ఇస్తుందని విన్నవారు తమ ఇరవై వేలలో 18,400 చేతికి వస్తాయని అనుకుంటారు. ఆ 92 శాతం ప్రతి నొక్కుకూ విడిగా వర్తిస్తుందనీ, వచ్చిన డబ్బునే మళ్లీ మళ్లీ పెడుతూ పోతే అది కరుగుతుందనీ గమనించరు. ఒక మనిషికి ఒక రాత్రి ఇంతకంటే చాలా ఎక్కువో తక్కువో జరగవచ్చు. సిరిమాను గారికి జరిగింది అదే.

పలాస_పిక్కలు
మా వ్యాపారంలో 80 కిలోల జీడిపిక్కల బస్తా కొనే ముందు పిడికెడు పిక్కలు తీసి, కోసి, పప్పు ఎంత దిగుతుందో, పుచ్చులు ఎన్నో చూసి గాని ధర మాట్లాడము. ఆ కాసినో వారు యంత్రాన్ని కోసి చూడనిస్తారా అని రావుగారి బావమరిదిని అడగండి. కోసి చూడనివ్వని సరుకును రాత్రంతా కొనేవాడిని మా వీధిలో ఎవరూ వ్యాపారి అనరు.

నెవాడా_నుంచి
మాది బొబ్బిలి. ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా లాస్ వేగాస్ పక్కనే ఉంటున్నాను. ఇక్కడ విమానం దిగి గేటు దాటగానే స్లాట్ మెషీన్లు కనిపిస్తాయి. కిరాణా దుకాణంలోనూ, పెట్రోలు బంకులోనూ ఉంటాయి. నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. హూవర్ ఆనకట్ట పని మొదలైంది కూడా ఆ ఏడే.

యంత్రం పుట్టింది మాత్రం ఇక్కడ కాదు. 1890ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో చార్లెస్ ఫే అనే మెకానిక్ ‘లిబర్టీ బెల్’ అనే మూడు చక్రాల పెట్టెను తయారు చేశాడు. మూడు గంట బొమ్మలు వరుసగా పడితే 50 సెంట్లు ఇచ్చేది, అదే అన్నిటికంటే పెద్ద బహుమానం. 1963లో బ్యాలీ సంస్థ విద్యుత్తుతో నడిచే ‘మనీ హనీ’ని తెచ్చింది. అయితే మాష్టారు చెప్పిన దానికి అసలు కీలకం 1984లో ఉంది. ఇంగే టెల్నెస్ అనే ఇంజనీరుకు ఆ ఏడు ఒక పేటెంటు వచ్చింది. అంతవరకు చక్రం మీద 22 స్థానాలు ఉంటే మూడు చక్రాలకు 22ను మూడుసార్లు గుణించి 10,648 రకాల ఫలితాలే సాధ్యమయ్యేవి, కాబట్టి పెద్ద బహుమతి పెట్టడం కుదిరేది కాదు. ఆయన పద్ధతిలో కంటికి కనిపించే చక్రం అలాగే ఉంటుంది, లోపల మాత్రం అంకెల్లో ఉండే మరో పెద్ద చక్రం తిరుగుతుంది. దానికి 64 స్థానాలు ఉన్నాయనుకుంటే ఫలితాలు 2,62,144 అవుతాయి. లోపలి స్థానాల్లో ఎక్కువ వాటిని ఖాళీ గడులకు, అందులోనూ పెద్ద బొమ్మకు పైనా కిందా ఉన్న ఖాళీలకు కేటాయించవచ్చు. ఫలితంగా ఆ బొమ్మ గెలుపు గీతకు వెంట్రుకవాసి పైన ఆగినట్టు పదే పదే కనిపిస్తుంది. ఆడేవాడు ‘కొంచెంలో తప్పింది’ అనుకుంటాడు. నిజానికి అది కొంచెంలో తప్పలేదు, చాలా దూరంలో తప్పింది. రావుగారి బావమరిది నోటు పుస్తకంలో ‘కొంచెంలో తప్పినవి’ అనే కాలమ్ ఉంటే నేనేమీ ఆశ్చర్యపోను.

గంటస్తంభం_రావు
నెవాడా గారూ, ఆ కాలమ్ ఉంది. ఇప్పుడే తీసి చూశాను. ఎర్ర ఇంకుతో రాశాడు.

తోటపల్లి_గాలి
నెవాడాలో ఉన్నవారు ఒక్కసారైనా మీట నొక్కలేదని చెబితే మేము నమ్మాలా?

నెవాడా_నుంచి
నొక్కాను. వచ్చిన కొత్తలో 40 డాలర్లు పోయాయి. మా అమ్మగారు చూడడానికి వచ్చినప్పుడు ఆమె 5 డాలర్లు పెట్టి 31 గెలిచి, వెంటనే లేచి, ఇక ఒక్కటి కూడా పెట్టనన్నారు. ఇంతవరకు నాకు తెలిసి లాభంతో బయటపడిన ఏకైక బొబ్బిలి మనిషి ఆమె. కాకపోతే ఇక్కడ అందరూ చెప్పుకొనే కథ ఒకటుంది. 2003లో ఎక్స్‌కాలిబర్ హోటల్లో మెగాబక్స్ యంత్రం మీద 25 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు 3 కోట్ల 97 లక్షల డాలర్లు వచ్చాయి. మా ఆఫీసులో అందరూ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లే కనుక ఆ కథ చెప్పనివారు లేరు, ఆ యంత్రానికి డబ్బు కట్టనివారూ లేరు. మరో మాట. యంత్రం తిరిగి ఇవ్వవలసిన కనీస శాతం నెవాడా నిబంధనల ప్రకారం 75, న్యూజెర్సీలో 83. పోటీ వల్ల ఇంతకంటే ఎక్కువే ఇస్తారు గాని చట్టం పట్టుబట్టేది అంతవరకే.

లెక్కల_పద్దు
మన దేశపు సంగతి కూడా చెప్పుకోవాలి. గోవాలో 1976 నాటి జూద చట్టానికి 1992లో చేసిన సవరణతో ఐదు నక్షత్రాల హోటళ్లలో ఎలక్ట్రానిక్ యంత్రాలకు అనుమతి వచ్చింది. బల్లలమీది ఆటలకు నీటిమీది నౌకల్లో వీలు కల్పించింది 1996 సవరణ. పణజిలో మాండవి నది మీద రాత్రంతా వెలిగే నౌకలకు మూలం అదే. సిక్కింలో 2002 చట్టం ప్రకారం నడుస్తున్నాయి. మన రాష్ట్రంలో 1974 నాటి చట్టం జూదపు ఇళ్లను నిషేధించింది, 2020లో సవరించి ఆన్‌లైన్ ఆటలను కూడా అందులోకి తెచ్చారు. 1968లో సికింద్రాబాద్ క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని చెప్పింది గాని, మీట నొక్కడంలో నైపుణ్యం ఉందని వాదించే వకీలు నాకు ఇంతవరకు తారసపడలేదు.

పన్ను విషయానికి వస్తే, జూదపు గెలుపు మీద ఆదాయపు పన్ను 30 శాతం, దానిపై సెస్సు. మీ ఇతర ఆదాయం పరిమితిలోపే ఉన్నా ఈ గెలుపుకు ఆ మినహాయింపు వర్తించదు. పోయిన డబ్బును గెలిచిన డబ్బులోంచి తీసివేసి చూపడానికి కూడా వీలులేదు. అంటే సిరిమాను గారు ‘రెండూ కలిపితే లాభమే’ అన్న మాట ఇంట్లో చెల్లుతుంది, రిటర్నులో చెల్లదు. ఇక జీఎస్టీ 2023 అక్టోబరు 1 నుంచి కాసినోలో చిప్పులు కొనడానికి కట్టిన పూర్తి మొత్తం మీద 28 శాతంగా ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం అయింది. అది మీరు యంత్రం ముందు కూర్చోకముందే పడే దెబ్బ. మాష్టారు తన 8 శాతం లెక్కలో దీనిని కలపలేదు.

సిరిమాను_90
నా 18,500 మీద ఎవరూ పన్ను కోయలేదు.

లెక్కల_పద్దు
ఎవరూ కోయకపోతే మీరే చూపించి కట్టాలి. ఇది బహిరంగ వేదిక కనుక ఇంతకంటే అడగను.

పొందూరు_నేత
ఇక్కడ సరదాగా నడుస్తున్న చర్చలో ఇది రాయవచ్చునో కాదో అని రెండు రోజులు ఆలోచించాను. మావారు కూడా సరదాగానే మొదలుపెట్టారు. మొదట అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో స్నేహితులతో గోవా వెళ్లేవారు, తరువాత విమానంలో ఒంటరిగా వెళ్లడం మొదలైంది. ఒంటరిగా వెళ్లిన రోజునే నేను గ్రహించవలసింది. పేకాటకు నలుగురు కావాలి, ఎవరో ఒకరు నిద్ర వస్తున్నదనో భార్య ఫోన్ చేసిందనో లేస్తే ఆట ఆగుతుంది. యంత్రం ముందు ఆయనను లేపేవారు లేరు. ఒకసారి నేను వెంట వెళ్లాను. ఆయన భుజం మీద చెయ్యి వేసి పిలిచినా తల తిప్పలేదు, గెలిచినప్పుడు కూడా ముఖంలో సంతోషం లేదు. పళ్లెంలో అన్నం చల్లారి గట్టిపడేవరకు పక్కనే ఉంది, ఆయన ఒక చేత్తో మీట నొక్కుతూనే ఉన్నారు.

ఇంట్లో మొదట పోయింది నా గాజులు. అడిగితే తాకట్టు పెట్టానన్నారు, తాకట్టు చీటీ అడిగితే కోప్పడ్డారు. తరువాత నూటికి మూడు వడ్డీకి చేతి అప్పులు, ఆ తరువాత చీటీ పాట పాడి ఎత్తిన డబ్బు. మొత్తం ఎంతో నాకు ఈనాటికీ తెలియదు, ఆయనకు కూడా తెలియదనే అనుకుంటున్నాను. రావుగారూ, మీ బావమరిది 62,000 అని చెప్పాడంటే ఆ అంకెను ఒకసారి మళ్లీ అడగండి.

వార్డు_నర్సు
పొందూరు అక్కగారూ, మీరు రాయవలసిన చోటే రాశారు. నేను విశాఖలో మానసిక వైద్య విభాగంలో పనిచేశాను. జూదపు వ్యసనాన్ని వైద్యులు చాలాకాలం వేరే కోవలో ఉంచారు, 2013లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తన వర్గీకరణలో దానిని మద్యం, మత్తు పదార్థాల వ్యసనాల పక్కకు చేర్చింది. మీరు చెప్పిన ‘గెలిచినా సంతోషం లేని ముఖం’ మా దగ్గరికి వచ్చిన కుటుంబాలు కూడా అచ్చంగా చెప్పేవి. ఎప్పుడు వస్తుందో తెలియని బహుమానం, ఎప్పుడూ వచ్చే బహుమానం కంటే మనిషిని గట్టిగా కట్టిపడేస్తుంది. దానికితోడు 20 రూపాయలు పెట్టినప్పుడు 6 రూపాయలు వచ్చినా యంత్రం గెలిచినట్టే పాట పాడుతుంది. పోయింది 14 రూపాయలు, వినిపించింది గెలుపు పాట. టెలి మానస్ నంబరు 14416. అది ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు, ఇంట్లోవారు కూడా చేయవచ్చు. అప్పులను ఒక్కసారిగా తీర్చివేయడం కంటే ముందు జీతం, బ్యాంకు కార్డు ఎవరి చేతిలో ఉండాలో తేల్చుకోండి.

రాత్రి_షిఫ్టు
వార్డు నర్సు గారు చెప్పిన పాట గురించి నాకూ తెలుసు. విడిది గదికి వెళ్లి పడుకున్నా అది చెవిలోనే మోగేది. నేను మానేసిన కారణాల్లో అదొకటి. పొందూరు అక్కగారు చెప్పినట్టు ఒంటరిగా వచ్చేవారికీ, గుంపుగా వచ్చేవారికీ తేడా మాకు తెలిసేది. గుంపు కేకలు వేస్తుంది, ఫొటోలు తీసుకుంటుంది, పన్నెండింటికి బిర్యానీకి లేస్తుంది. ఒంటరిగా వచ్చినవారు మాట్లాడరు. మాకు ఇబ్బంది పెట్టనివారు వారే, లెక్కల గదిలో ఇష్టపడేదీ వారినే.

సిరిమాను_90
పొందూరు అక్కగారి కష్టం చదివాక నా మొదటి మాటలు కాస్త తేలికగా అనిపిస్తున్నాయి. అయినా ఒక సందేహం. భోగాపురం విమానాశ్రయం వల్ల మన తీరంలో రిసార్టులు వస్తాయంటున్నారు. గోవాకు పోయే డబ్బు మన జిల్లాలోనే ఉంటే, ఉద్యోగాలు మన పిల్లలకే వస్తే, నిబంధనలతో ఒక కాసినో హోటల్ పెట్టడంలో తప్పేమిటి? ఇచ్ఛాపురం కుర్రవాడు గోవా వెళ్లి రాత్రి షిఫ్టు చేయవలసిన అవసరం ఉండేది కాదు కదా.

నాగావళి_మాష్టారు
ఈ ప్రశ్న అడగదగినదే. అయితే కాసినోలు పెట్టుకున్న ఊళ్లు తమవారి విషయంలో ఏం చేశాయో చూడండి. మొనాకో పౌరులు మాంటేకార్లో కాసినోలో జూదం ఆడకూడదు. నేపాలు కాసినోల్లోకి నేపాలీలకు ప్రవేశం లేదు. గోవా ప్రభుత్వం 2020 ఫిబ్రవరి నుంచి గోవా వాసులను కాసినోలకు రాకుండా నిషేధించింది. సింగపూరు 2010లో కాసినోలు తెరిచినప్పుడు విదేశీయులను ఊరికే రానిచ్చి, తమ పౌరుల దగ్గర రోజుకు 100 సింగపూరు డాలర్ల ప్రవేశ సుంకం పెట్టింది, 2019లో దానిని 150 చేసింది. పైగా అక్కడ కుటుంబ సభ్యులు దరఖాస్తు చేసుకుని ఇంటిమనిషి ప్రవేశాన్ని ఆపించవచ్చు. భోగాపురంలో పెట్టి విజయనగరం, శ్రీకాకుళం వారిని రానివ్వకపోతే వచ్చేది ఎవరు?

పలాస_పిక్కలు
బరంపురం వారు వస్తారు. వారి డబ్బు పోతే మనకేమీ బాధ లేదనుకోవడానికి మా వియ్యాలవారు అక్కడే ఉన్నారు.

పొందూరు_నేత
మాష్టారు చెప్పిన సింగపూరు పద్ధతి, అదే, ఇంటివారు దరఖాస్తు చేస్తే ఆపే పద్ధతి, గోవాలో ఉండి ఉంటే నేను మొదటి గాజు పోయిన నాడే పెట్టేదాన్ని. ఉద్యోగాల మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మా ఇంట్లో మగ్గం ఇంకా ఆడుతోంది, సన్ననూలు వడకడానికి చేప దవడ ఎముకతో ఏకడం చూడడానికి కూడా దూరం నుంచి వస్తారు. వచ్చినవారు కొనేది కొంటారు, తిరిగి వెళతారు. ఉచిత గది పంపించి మళ్లీ రమ్మని మేము పిలవము.

తోటపల్లి_గాలి
సిరిమాను గారు ఈసారి సెలవులకు పొందూరు వెళితే 3,000కు పంచె చేతికి వస్తుంది. తిరిగి వచ్చే శాతం నూటికి నూరు.

సిరిమాను_90
ఒప్పుకున్నాను, పంచె ధర ఎంతో అక్కగారు చెప్పాలి. గోవా విషయంలో మాత్రం, వెళ్లేవాడు వెళ్లకుండా ఉండడు కనుక అడుగుతున్నాను. గుంపుగా వెళ్లినవారు ఎలా ఉంటే తక్కువ పోతుంది?

రాత్రి_షిఫ్టు
నేను చూసినంతలో తక్కువ పోగొట్టుకున్నవారు బ్యాంకు కార్డును గదిలో పెట్టెలో వదిలి, ఆ రాత్రికి ఇంత అని నోట్లు మాత్రం తెచ్చుకునేవారు. అవి అయిపోతే పక్కవాడి దగ్గర అడిగేవారు కాదు. రెండు మీటల మధ్య మంచినీళ్లు తాగేంత వ్యవధి ఇచ్చేవారు. సభ్యత్వ కార్డు తీసుకోనివారికి మళ్లీ రమ్మనే సందేశాలు కూడా రావు. ఇంతకు మించి కిటుకు ఉంటే మూడేళ్లలో నేనే ఆడి ఉండేవాడిని.

గంటస్తంభం_రావు
అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చను మొత్తం కాగితాల మీద అచ్చు తీయించి నిన్న సాయంత్రం మా బావమరిది చేతికి ఇచ్చాను. మాష్టారి పేక లెక్కను రెండుసార్లు చదివాడు, నెవాడా గారి చక్రాల లెక్క దగ్గర కాలిక్యులేటరు తీసి 64ను మూడుసార్లు గుణించి చూసుకున్నాడు. చక్రాల సంగతి ముందే తెలిస్తే ఎర్ర ఇంకు మిగిలేదని అన్నాడు. పొందూరు అక్కగారి మాటలు చదివినప్పుడు ఏమీ అనలేదు. కాసేపటికి, పోయింది 62,000 కాదు, 71,500 అని చెప్పాడు. మిగతా 9,500 చేతి అప్పు అట. టికెట్లు ఇంకా రద్దు చేయలేదు, స్నేహితులతో మాట్లాడి చెబుతానన్నాడు. నోటు పుస్తకం మాత్రం నా దగ్గరే వదిలి వెళ్లాడు. రాత్రి దానిని తిరగేస్తే చివరి పేజీలో ఆ 9,500 ఎవరి దగ్గర తీసుకున్నదీ రాసి ఉంది. అది మా ఆవిడ పేరు.